రేక బోర్లించిన మనిషి

పోయిన వారం చిన్నకోడూరు దిక్కునుంచి ఒకాయన మా రంగుల దుకాణానికి వచ్చాడు. కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకున్నాడట. షేడ్ కార్డు ముందర పెట్టుకుని గంటసేపు పసుపురంగులన్నీ ఒకటేనని నాతో వాదించి, చివరికి మొదట వేలు పెట్టినదాన్నే ఖాయం చేశాడు. డబ్బా మిషన్‌లో గిరగిరా తిరుగుతుంటే ఊరికే కూర్చోలేక నాకొక ముచ్చట చెప్పాడు.

"సేటూ, గీ కథ ఇన్నవా? మా దిక్కు ఒక ముసలి గౌడ్ ఉండెనట. కల్లు బొట్టు నాలుక మీద ఏసుకుంటే ఏ చెట్టుదో చెప్తుండెనట. గాయినకు ఎవరో ఫారిన్ సీసా పోసిండ్రట. ఇంగ్లండు రాణి తాగే సీసా! ముసలాయన సప్పరిచ్చి సప్పరిచ్చి, 'ఇది మన బస్టాండ్ కాడి సరుకు' అన్నడట!"

చెప్పి, నవ్వు ఆపుకోలేక స్టూలు పట్టుకున్నాడు. తరువాత నా మొహం వైపు చూశాడు. కథ చెప్పినవాడు ఎదుటివాడి నవ్వు కోసం చూసే చూపు అది. నాకది బాగా తెలుసు. నేనూ నవ్వాను.

ఆ కథ నాది. ఈ దుకాణంలోనే, ఆ స్టూలు పక్కనే నిలబడి మొదటిసారి చెప్పాను. అప్పుడు అందులో రాణి లేదు, ఒక మంత్రి మాత్రమే ఉన్నాడు. నోళ్ళు మారేకొద్దీ మంత్రి రాణి అయ్యాడు. నా కథలు ఊళ్ళు తిరిగి, ఒళ్ళు చేసి, నా దగ్గరికే చుట్టపుచూపుగా రావడం నాకు కొత్త కాదు. మామూలుగా అయితే ఆ రోజు ఇంకో చాయ్ ఎక్కువ తాగుతాను.

కానీ ఈ కథలో ఒక చిన్న సంగతి ఉంది. ఆ ముసలాయన చెప్పింది నిజం. ఆ సీసాలో ఉన్నది బస్టాండ్ దగ్గర కొన్నదే. కొన్నది నేనే, పోసింది నేనే.

ఆయన పోయిన నెల చనిపోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మనిషి కంటే ముందు ఆ నవ్వు గుర్తొస్తుంది. పేరూ నవ్వూ అంతగా అంటుకుపోయాయి. అంటించింది నేనే కాబట్టి, పేరు లేకుండా మనిషిని చెప్పుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు.

నేను కోతలరాయుణ్ణని సిద్దిపేటలో రంగు కొన్న ప్రతివాడికీ తెలుసు. కోమటి చెరువులో నేను పట్టిన చేప గాలం వదిలించుకుని, వెళ్ళేముందు నన్ను బాగోగులడిగి వెళ్ళిందని చెబితే, నమ్మినవాళ్ళు లేరు గానీ లేచిపోయినవాళ్ళూ లేరు. మా ఆవిడ మాత్రం నేను వాన పడుతోందన్నా చెయ్యి బయటపెట్టి చూసుకుంటుంది.

ఆయనతో పరిచయం కూడా ఇలాంటి వాగుడుతోనే మొదలైంది. పదిహేనేళ్ళ కింద ఇద్దరు దోస్తులతో కలిసి వాళ్ళ ఊరి తాటివనానికి కల్లుకు పోయాను. ఆయన చెట్టు మొదట్లో గొంతుకూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. ముప్పై ఏళ్ళు చెట్లను కావిలించుకుని ఎక్కిన గుండె మీద చర్మం చెప్పుతోలులా మొద్దుబారి ఉండేది. నేను దగ్గరికి పోగానే ముక్కు ఎగబీల్చి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"గాడనే ఆగు అల్లుడా. ఏం పని జేస్తవ్ నువ్వు?"

"రంగుల దుకాణం మామా."

"గదే అనుకున్న. థిన్నర్ వాసనతోని కల్లు కాడికి రావద్దు. కల్లుకు సిగ్గయితది."

మా వాళ్ళిద్దరూ తాగారు. నన్ను బావి దగ్గరికి పంపి, మోచేతుల దాకా బూడిదతో తోమించి, అప్పుడు పోశాడు. ఆ మొదటి మాటతోనే ఆయన నాకు మామ అయ్యాడు, నేను అల్లుణ్ణి అయ్యాను. మా మధ్య చుట్టరికం గానీ కులం గానీ ఏమీ లేవు.

మోకాళ్ళు అరిగిపోయాక చెట్టెక్కడం మానేశాడు. అప్పటినుంచి ఆయన పని నాలుకతోనే. రెండు మూడు మండలాలవాళ్ళు ఆయన దగ్గరికి లొట్టి పట్టుకుని వచ్చేవాళ్ళు. లొట్టి అంటే చెట్టుకు కట్టే కల్లుకుండ. పెళ్ళికి కల్లు మాట్లాడుకున్నవాడు, ఇచ్చినదాంట్లో నిన్నటిది కలిపారేమోనని అనుమానం వస్తే వచ్చేవాడు. అన్నదమ్ములు చెట్లు పంచుకుని, "నా చెట్టు వీడు గీసుకున్నడు" అని కొట్లాడుకుంటే వచ్చేవాళ్ళు. ఆయన ముందురోజు నుంచే ఉల్లిగడ్డ ముట్టడు, బీడీ కాల్చడు. పొద్దున్నే పచ్చి నీళ్ళతో నోరు పుక్కిలించుకుని, కొత్త తాటిరేక మడిచి, దోసిలిలా పట్టుకుని పొయ్యమంటాడు. మొదటి బొట్లు గౌడుల దేవుడు కాటమయ్య పేరిట నేల మీద చిలకరిస్తాడు. ఒక్క గుక్క. ఎడమ అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుంటాడు. చుట్టూ నిలబడినవాళ్ళు దగ్గినా ఊరుకోడు.

"ఏమాయె పెద్దయ్యా?" అని ఎవడో తొందరపడతాడు.

"ఆగు. ఇంక దిగలె."

అది ఆయన మాట. కల్లు గొంతు దిగి చాలాసేపైనా ఆయన లెక్కలో దిగనట్టే. దిగినాక చెప్పేది మాత్రం రెండు ముక్కలే. "బాయి గడ్డ మీది మూడో చెట్టు. పొద్దుగాల దించింది గాదు, రాత్రిది గలిసింది." అంతే. ఆ మాట మీద ఇంకో మాట ఉండేది కాదు. ఓడినవాడు కూడా లొట్టి ఎత్తుకుని ఊరుకునేవాడు.

ఈ "ఇంక దిగలె" ఆయనకు అన్నిటికీ వచ్చేది. ఎలక్షన్లలో ఎవరో వచ్చి ఇంటింటికీ ఏదో ఇస్తామంటే, "ఆగు బిడ్డా, ఇంక దిగలె" అని పంపేశాడు. చిన్న కూతురి సంబంధం ఆర్నెల్లు దిగలేదు. పిల్లవాడు ఎదురుచూసి ఎదురుచూసి తనే వచ్చి, ఆయన చుట్టూ తిరిగి, చివరికి దిగాడు. ఇప్పుడు ఆ అల్లుడే ఆయన కంటే పెద్ద మొండివాడు.

నా కథలంటే మాత్రం ఆయనకు ఆపేక్ష. ఆ ఊళ్ళో గోడలకు రంగు వేయించే పని ఉన్నా లేకున్నా నెలకొకసారి పోయేవాణ్ణి. "చెప్పు అల్లుడా, ఏం జరిగింది మీ సిద్దిపేటల?" అని కాళ్ళు చాపుకునేవాడు. నేను చెప్పేది ఎంత గాలిదైనా మధ్యలో నిజమా అని అడిగేవాడు కాదు. పక్కనున్న ఆయన భార్య, నా అత్తమ్మ, అడిగితే, "కథకు అడ్డం రావద్దు" అని గదిమేవాడు. పదిహేనేళ్ళలో నన్ను నిజమా అని ఆయన అడిగింది ఒక్కసారే. ఆ సంగతికే వస్తున్నాను. రావడానికి కాళ్ళు రావడం లేదు, అంతే.

మేం అమ్మే రంగుల కంపెనీవాళ్ళు ఏడాదికొకసారి డీలర్లను విదేశాలకు తిప్పుతారు. ఒక ఏడు బ్యాంకాక్, ఒక ఏడు దుబాయి. నాలుగేళ్ళ కింద ఐర్లండు అన్నారు. అది ఎక్కడుందో నాకు తెలియదు, నాతో వచ్చిన ముప్పై మంది డీలర్లకూ తెలియదు. అక్కడ వానలో తిరిగి, గొర్రెలను చూసి, చివరి రోజు ఒక విస్కీ కాచే చోటికి తీసుకుపోయారు. ఒక అమ్మాయి గైడు. బార్లీ గింజను సగం మొలకెత్తించి, సగం పచ్చిగానే ఉంచి, రెండూ కలిపి ఇంత పెద్ద రాగి కుండల్లో మూడుసార్లు కాస్తారని చెప్పింది. దాన్ని పాత కట్టె పీపాల్లో ఏళ్ళ తరబడి నిద్రపుచ్చుతారు. కొంత సరుకును చివర్లో వేరే పీపాలోకి మారుస్తారు. ఆ పీపాలో అంతకుముందు పోర్టు అనో షెర్రీ అనో పిలిచే తియ్యటి ద్రాక్షసారా ఉండి ఉంటుంది. ద్రాక్షసారాకు ఇంకా ఘాటైన సారా కలిపి బలం ఎక్కించినదట అది. ఆ కట్టె పీల్చుకున్న ద్రాక్ష అంతా ఈ విస్కీలోకి దిగుతుందట. ఇదంతా చెప్పడానికి ఆ అమ్మాయికి మ్యాపులు, బొమ్మలు, అరగంట కావలసి వచ్చాయి.

నేనూరుకుంటానా. "అమ్మా, మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, బొట్టు పోస్తే చెట్టు పేరు చెప్తాడు" అన్నాను. మా టూరు మేనేజర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. నా జీవితంలో నేను చెప్పిన వాటిల్లో అదొక్కటే నిజం. ఆ అమ్మాయి నవ్వేసి, "నమ్మను" అంది.

మూడు సీసాలు కొన్నాను. ఒకటి ఉత్తది, ఒకటి పోర్టు పీపాది, ఒకటి షెర్రీ పీపాది. షెర్రీది అన్నిటికంటే గొప్పదన్నారు. మూడూ కొన్నట్టు ఫోటో తీసి సిద్దిపేటలో మా గ్రూపులన్నిటికీ పంపాను. ఆ రాత్రే హోటల్లో నలుగురు డీలర్లం కలిసి ఆ గొప్పదాన్ని ఖాళీ చేసేశాం. పక్కన నంచుకోవడానికి కారప్పూస ఉంది. ఏం రుచి తగిలిందో నాకైతే కారప్పూస ఒక్కటే గుర్తుంది.

ఖాళీ సీసా బట్టల మధ్య చుట్టుకుని తెచ్చాను.

ఊళ్ళో దిగగానే మా రిటైర్డ్ హెడ్మాస్టరు సారు, టైల్స్ దుకాణం ఆయన నా వెంటపడ్డారు. "మూడు సీసాలు, మూడు రుచులు, ఎప్పుడు?" అని. ఇద్దరికీ ఫోటో చేరింది. రెండే ఉన్నాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊరి బయట నా మామిడి తోటలో కలుద్దామన్నాను. పొద్దున బస్టాండ్ దగ్గరికి పోయి ఒక సీసా కొని, గరాటు పెట్టి, షెర్రీ సీసా నింపాను. రంగు కొంచెం లేతగా ఉంటే టీ డికాక్షన్ నాలుగు చుక్కలు కలిపాను. షేడ్ కలపడం నా వృత్తే కదా.

అక్కడితో ఆగినా బాగుండేది. మామను కూడా పిలిచాను. సారుకు ఆయన నాలుక సంగతి చెప్పి చెప్పి ఉన్నాను. చూపించి గొప్ప అనిపించుకోవాలని. ఆయన ముందు ఒప్పుకోలేదు. "సారా నా దారి గాదు అల్లుడా" అన్నాడు. "తాగకు మామా, నాలుక మీద ఏసుకుని చెప్పు. నమ్మనన్న గా గైడు పిల్లకు మన సంగతి ఎరుక గావాలె" అని బతిమాలితే, నా కోసం వచ్చాడు. తెల్లటి ధోవతి, తెల్లటి బనీను, భుజం మీద తువాలు. ముందురోజు నుంచి ఉల్లిగడ్డ ముట్టలేదు. గాజు గ్లాసు ఇస్తే పక్కకు పెట్టాడు. "గాజు నాకు ఏం చెప్పది" అని సంచిలోంచి మూడు కొత్త తాటిరేకలు తీశాడు. మూడు సీసాలకు మూడు.

మొదటిది పోశాను. నేలకు చిలకరించి, గుక్క పట్టి, అరచెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు.

"గింజ సారా. గింజ కొంత పచ్చిగనే పడ్డది. నూనె లెక్క నాలుకను పట్టుకుంటున్నది. ఎనుకకెంచి మిరియం."

సీసా డబ్బాలో వచ్చిన కాగితం తీసి చదివాను. ఇంచుమించు అదే ఉంది. సారు చప్పట్లు కొట్టాడు.

రెండోది పోర్టు పీపాది. ఈసారి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పు మామా."

"ఆగు. ఇంక దిగలె."

ఎక్కడో బోరు మోటారు ఆగిపోయింది. అప్పుడు కళ్ళు తెరిచి నవ్వాడు.

"ఇది గూడ గా మొదటి సీస పిల్లనే. కని దీన్ని అత్తగారింటికి తోలిండ్రు."

"ఏమంటున్నవ్ మామా?"

"మొదలు ఒక కట్టె పీపల పెరిగింది. పెరిగినంక ఇంకో పీపలకు మార్సిండ్రు. గండ్ల ఇదివరకు ద్రాక్షది ఉండె. ఉత్త రసం గాదు, బలం ఎక్కిచ్చింది. లొట్టి మార్సితె కల్లు గుణం మార్తది సూడు, గట్ల. అత్తగారింటి తీపి పైన పూసుకున్నది. కని లోపల పుట్టినింటి మిరియం పోలె. ఎట్ల పోతది?"

ఆ అమ్మాయికి అరగంట పట్టిన సంగతి ఆయన ఒక్క రేకలో చెప్పేశాడు. ఆ క్షణంలో ఆయన్ని నా భుజాల మీద ఎత్తుకుని సిద్దిపేట నడిబజారులో తిప్పాలనిపించింది. అప్పటికే సారూ టైల్స్ ఆయనా ఆగలేక మూడో సీసాలోది గ్లాసుల్లో పోసుకున్నారు. నేను దాని కాగితం చదువుతుంటే వాళ్ళు చప్పరిస్తున్నారు.

"ఎండు ద్రాక్ష, అంజీర్, వాల్‌నట్..." అని చదివాను.

"అంజీర్!" అన్నాడు సారు. "స్పష్టంగ అంజీర్! నాలుక చివర తగుల్తున్నది."

"నాకు వాల్‌నట్ గొంతు దాంక పోయింది" అన్నాడు టైల్స్ ఆయన. "గీ రెండు సీసాలు దీని కాలి గోటికి రావు."

నాకు లోపల నవ్వు పొంగుతోంది. ఈ ముచ్చట పదేళ్ళు చెప్పుకోవచ్చు అనుకున్నాను. మామ మూడో రేక పట్టాడు. పోశాను. నోట్లో వేసుకున్నాడు. ఈసారి "ఆగు" అనలేదు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు. నా వైపు చూసిన చూపులో ఎగతాళి లేదు. జాలి ఉంది.

"అల్లుడా, నిన్నెవరో మోసం జేసిండ్రు. అంత దూరం పోతివి. ఇది మన బస్టాండ్ కాడి సరుకు బిడ్డా. ఇంత చాయ్ పత్తి గూడ కలిపిండ్రు."

నేను సారు మొహం చూశాను. అంజీర్ ఆయన నాలుక చివరే ఉండిపోయింది. టైల్స్ ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఆ చూపులో ప్రశ్న ఇంకా పూర్తిగా తయారు కాలేదు. తయారయ్యేలోపు నేను పగలబడి నవ్వాను.

"మామా! అన్నిట్ల పెద్దది ఇదే! షెర్రీ పీపల పండిన సరుకు! నా చేతులతోని అక్కడ కొన్న!"

నా నవ్వు వాళ్ళకు కొండంత ఊరట. సారు అందుకున్నాడు. "గౌడ్ సాబ్, వయసు మీద వడ్డంక కండ్లే గాదు, నాలుక గూడ మసకవడ్తది."

"ఇగ మీకు పింఛన్ రాయిస్తం తియ్యుండ్రి" అన్నాడు టైల్స్ ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

మామ నవ్వలేదు. కోప్పడనూ లేదు. మూడో రేకలో మిగిలిన చుక్కను మళ్ళీ నాలుక మీద వేసుకున్నాడు. మళ్ళీ చూశాడు. మొదటిసారిగా ఆయన కళ్ళలో భయం చూశాను. నా దగ్గరికి జరిగి, వాళ్ళిద్దరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"నిజమా అల్లుడా? నా మాట తప్పా?"

నేను సీసా మూత బిగిస్తున్నాను.

"మా నాయిన నాకు రేక ఇచ్చిననాడు ఒక్క కట్టడి పెట్టిండు. రుచి సూసేటోని మాట ఒక్కసారి తప్పయితె, రేక బోర్లియ్యాలె. మల్ల ఎవ్వరి లొట్టి ముట్టొద్దు. నా మీద బరోసాతోని ఊర్లు ఊర్లు వస్తయి. నాలుక పోయినంక గూడ చెప్పుకుంట కూసుంటె పాపం గద. గందుకే అడుగుతున్న. నిజం చెప్పు."

ఇంత స్పష్టంగా అడిగాడు. ఆ కట్టడి సంగతి నాకు అప్పుడే తెలిసిందనుకుంటే కొంచెం బాగుంటుంది. కాదు. అంతకు చాలా ముందే ఆయన నోట విన్నాను. వాళ్ళ నాయన కూడా ఒక్క మాట తప్పయినందుకే రేక బోర్లించాడని చెప్పాడు. అన్నీ తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది: నువ్వే కరెక్టు మామా, దొంగను నేను. సారు నాలుగు రోజులు నవ్వేవాడు, వారం తరువాత మరిచిపోయేవాడు.

"తప్పే మామా" అన్నాను. "మా అమ్మ తోడు."

ఆయన తన నాలుకను ఎన్నిసార్లయినా పరీక్షించుకునేవాడు. నా ఒట్టును పరీక్షించాలని ఆయనకు తట్టలేదు.

"అట్లనా" అన్నాడు. మూడో రేకను విప్పి, సాపు చేసి, మామిడి చెట్టు మొదట్లో బోర్లా పెట్టాడు. దాని మీద చిన్న రాయి ఉంచాడు, గాలికి పోకుండా. నేను కారులో దింపుతానంటే వద్దని, రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కాడు. సారు వెనకనుంచి, "పాపం, ఏమనుకోలె" అన్నాడు.

మరునాడు పోయి చెబుదామనుకున్నాను. మరునాడు సారు దుకాణానికి వచ్చి పదిమందిలో అంజీర్ గురించి చెబుతున్నాడు. ఆయన మొహం మీద నీళ్ళు పోయలేకపోయాను. ఎవరో నన్నడిగారు, "ముసలాయన ఏమన్నడు?" అని. చెప్పాను. బాగా నవ్వారు. ఇంకొకరికి ఇంకొంచెం బాగా చెప్పాను. నా కథలన్నిటిలో దీనికి వచ్చినంత నవ్వు దేనికీ రాలేదు. బెజ్జంకిలో ఒక పెళ్ళికి పోతే, "సేటూ, గా గౌడ్ కథ" అని అడిగి చెప్పించుకున్నారు. ఆయన ఉమ్మేసినట్టు ఉమ్మేసి చూపించాను. పందిరి పందిరంతా నవ్వింది. వెనక వరసలో ఒక్క మనిషి మాత్రం నవ్వకుండా లేచిపోయాడు. ఆయన చిన్నల్లుడు. నేను చూశాను. చూసి కూడా కథ పూర్తి చేశాను.

ఆ ఎండాకాలం వాళ్ళ ఊరికి పోతే, ఆయన కల్లు దుకాణం బయట రాయి మీద, దుకాణానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఇద్దరు మనుషులు లొట్టి పట్టుకుని ఆయన ముందు నిలబడ్డారు.

"ఒక్కసారి సూడు పెద్దయ్యా. పంచాదివడ్డది."

"నన్నడుగకుండ్రి నాయినా. నా నాలుక పోయింది."

"ఏం బోలె. ఉత్తగనే అంటున్నవ్."

"పోయిందని నా అల్లుడే చెప్పిండు. గిదో, ఈడనే ఉన్నడు, అడుగుండ్రి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకు పోయాను. తిరిగి వచ్చేసరికి వాళ్ళు లొట్టి ఎత్తుకుని పోలీసు స్టేషన్ దిక్కు పోతున్నారు. ఆ తరువాత ఆ ఊళ్ళో అన్ని తగాదాలూ అటే పోయాయి.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే తిన్నాను. ఎప్పటిలాగే కథ చెప్పమన్నాడు, చెప్పలేకపోయాను. బీరకాయ కూర. అత్తమ్మ హడావుడిలో దాంట్లో ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది. మొదటి ముద్దకే తెలిసింది నాకు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. కనుబొమలు కొంచెం దగ్గరికి వచ్చాయి. నమిలాడు, మింగాడు. ఇంకో ముద్ద కలిపాడు. అప్పుడు, పెద్దగా పట్టనట్టు, నన్నడిగాడు.

"అల్లుడా, కూరల ఉప్పు సరిపోయిందా?"

తాటివనంలో ఏ చెట్టుదో చెప్పిన మనిషి. అత్తమ్మ వాకిట్లో ఉంది. అక్కడ మేమిద్దరమే. ఇంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకదని ఆ క్షణంలోనే తెలుసు. కానీ కూర సంగతి చెబితే సీసా సంగతి చెప్పాలి. సీసా సంగతి చెబితే పెళ్ళి పందిరి సంగతి చెప్పాలి.

"మంచిగ సరిపోయింది మామా" అన్నాను.

"గట్లనా" అని ఆయన ఆ చప్పిడి కూరనంతా తిన్నాడు. నేనూ తిన్నాను.

తరువాత పోవడం తగ్గించాను. తగ్గించి, మానేశాను. కథను కూడా చెప్పడం మానేశాను గానీ, దానికి నా అవసరం అప్పటికే తీరిపోయింది.

రెండు నెలల కింద ఆయన్ని సిద్దిపేట దవాఖానలో పెట్టారని తెలిసింది. ఊపిరితిత్తుల్లో నీరు. పోయేసరికి మధ్యాహ్నం మూడు. సగానికి సగం అయిపోయాడు. చెప్పుతోలులాంటి ఆ గుండె కింద పక్కటెముకలు కనపడుతున్నాయి. నన్ను చూసి అత్తమ్మను, "కుర్సీ దెచ్చెయ్యి, అల్లుడొచ్చిండు" అన్నాడు. అదే గొంతు. ఒక్క నిష్ఠూరం మాట లేదు. దానికోసమే ఎదురుచూస్తూ పోయిన నాకు, అది లేకపోవడం తట్టుకోలేనట్టయింది.

చెప్పేశాను. హోటల్లో నలుగురం తాగేయడం, ఖాళీ సీసా, గరాటు, టీ డికాక్షన్, అన్నీ. ఒక్క ముక్క కలపలేదు. నా జన్మలో నేను ఏ కథా అంత పొడిగా, అంత అడ్డదిడ్డంగా చెప్పలేదు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక పెదవులు విచ్చుకున్నాయి.

"మంచిగల్లినవ్ అల్లుడా."

"కథ గాదు మామా. నిజం."

"ముసలోడు పోయేముందు జెర మనసు నిమ్మలం గావాలని అల్లినవ్. ఎరుకే నాకు. మంచోనివి నువ్వు."

"నిజం మామా! కావాలంటే సారును అడుగు." ఫోను తీసి సారుకు కలిపి, స్పీకరు పెట్టాను. "సార్, మామ దవాఖానల ఉన్నడు. గా దినం మూడో సీసాల ఉన్నది బస్టాండ్ సరుకు. నేనే పోసిన. మామ చెప్పిందే నిజం."

"ఏ సీసా?" అన్నాడు సారు. అంతవరకు ఆయనకూ నేను చెప్పలేదు కదా. తరువాత ఆయన గొంతు మారింది. మంచం మీది మనిషితో మాట్లాడేటప్పుడు అందరికీ వచ్చే గొంతు.

"అవునవును గౌడ్ సాబ్. మీరు చెప్పిందే కరెక్టు. బస్టాండ్ దే, హండ్రెడ్ పర్సెంట్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, మంచిగ రెస్ట్ తీసుకోండ్రి."

పెట్టేసే ముందు, స్పీకరు ఉందని మరిచి, నాతో మెల్లగా అన్నాడు: "మంచి పని జేసినవయ్యా. పాపం, గట్లనే అనుకోనీ."

మామ విన్నాడు. "సారు గూడ మంచోడే" అన్నాడు.

ఏ ఒట్టు పెట్టుకోవాలో వెతుక్కున్నాను. అబద్ధానికి వాడకుండా నా దగ్గర ఒక్కటి కూడా మిగల్లేదు. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. నర్సు వచ్చి గొట్టం చూసి పోయింది. కొంతసేపటికి ఆయన చెయ్యి నా చెయ్యి మీద పడింది.

"ఇంకోపారి చెప్పు."

"ఏంది మామా?"

"గదే. నేను ఉమ్మేసి, ఇది బస్టాండ్‌ది అన్న కాడికెంచి చెప్పు. నాది కరెక్టయిన కాడికెంచి."

మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మాటకు తల ఊపుతూ విన్నాడు. ఎండ కిటికీలోంచి ఆయన మొహం మీద పడుతోంది. అత్తమ్మ తువాలు అడ్డం పట్టింది.

"గింత మంచి కథ నువ్వు ఎన్నడు చెప్పలె" అన్నాడు. "నిజమైతె ఎంత మంచిగుండు."

"నిజమే మామా" అన్నాను.

"అంటవ్ తియ్" అన్నాడు నవ్వుతూ, నా చెయ్యి తట్టి.